బడి మెట్లెక్కని మహానటి
(మహిళల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం ఒక నటి కథ చెప్పుకుందాం. ఆమె పేరు ఎలెన్ టెర్రీ. ఆమెది ఇంగ్లండు దేశం. ఇంట్లో వాళ్లు ముద్దుగా నెల్లీ అని పిలిచేవాళ్లు.

ఆమె 1847లో పుట్టింది. 1928లో చనిపోయింది. 81 ఏళ్లు బతికింది. అందులో దాదాపు 70 ఏళ్లు నటనతోనే గడిచాయి. చిన్నతనం నుంచి నాటకాలు వేసింది. ముసలితనంలో సినిమాల్లో వేసింది.

ఎక్కడి ఇంగ్లండు? ఎప్పటి నెల్లీ? ఆమె కథ మనకెందుకు? అని మీకు అనిపించవచ్చు. కొంచెం ఓపికగా వినండి.

ఆమెకు బడి చదువు లేదు. అలాంటి మనిషికి ముసలితనంలో ఒక విశ్వవిద్యాలయం డాక్టరు పట్టం ఇచ్చింది. ఆమె సంసారం ఒకసారి కాదు, నాలుగుసార్లు చెదిరిపోయింది. నలుగురూ నాలుగు మాటలు అన్నారు. అయినా ఆమె కూలిపోలేదు. తన చేతిలో ఉన్న పనిని పట్టుకుని లేచి నిలబడింది. ఆ పని ఏమిటి? ఎలా నిలబెట్టింది? అదే ఈ కథ.

నాటకాల వాళ్ల పిల్ల

నెల్లీ 1847 ఫిబ్రవరి 27న కొవెంట్రీ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి పేరు బెన్. తల్లి పేరు సారా. ఇద్దరూ నాటకాల్లో వేషాలు వేసేవాళ్లు. ఈ ఊళ్లో కొన్నాళ్లు, ఆ ఊళ్లో కొన్నాళ్లు. ఎక్కడ నాటకం ఉంటే అక్కడికి మూట కట్టుకుని పోవాలి. అక్కడే ఒక గది అద్దెకు తీసుకోవాలి.

మన సురభి నాటకాల వాళ్ల సంగతి మీరు వినే ఉంటారు. ఇంటిల్లిపాదీ నటులే. వీళ్లదీ అలాంటి బతుకే. సారాకు పదకొండు మంది పిల్లలు. అందరూ బతకలేదు. బతికిన వాళ్లలో కనీసం ఐదుగురు నాటకాల్లోకి వచ్చారు.

నెల్లీ చాలా చిన్నగా ఉన్నప్పుడు, అమ్మా నాన్నా అక్క కేట్ రాత్రిపూట నాటకానికి వెళ్లేవాళ్లు. పిల్లను గదిలో పెట్టి తాళం వేసి వెళ్లేవాళ్లు. ఆ పిల్ల కిటికీ దగ్గర నిలబడి బయటికి చూస్తూ ఉండేది. తన మొదటి జ్ఞాపకం అదేనని పెద్దయ్యాక రాసుకుంది. ఆ తల్లిదండ్రులు చెడ్డవాళ్లు కాదు. వేషం వేయకపోతే పూట గడవదు. పిల్లను చూసుకునే దిక్కు లేదు. కూలికి పోతూ పసిపిల్లను ఇంట్లో వదిలి వెళ్లే తల్లి బాధ మనకు తెలియనిదా?

బడి లేదు గానీ ఇంట్లో చదువు ఉంది. అమ్మా నాన్నే చదవడం, రాయడం నేర్పారు. నాన్నకు మాట శుభ్రంగా ఉండాలి. పిల్ల ఒక్క మాట తప్పు పలికినా ఊరుకునేవాడు కాదు. మళ్లీ పలికించేవాడు.

కాలి వేలు నలిగిన రాత్రి

1856లో నెల్లీ మొదటిసారి పెద్ద స్టేజి ఎక్కింది. అప్పటికి తొమ్మిదేళ్లు. లండన్ నగరంలో ప్రిన్సెస్ నాటకశాల. షేక్‌స్పియర్ అనే గొప్ప రచయిత రాసిన నాటకం. అందులో ఒక రాజు ఉత్త పుణ్యానికి భార్యను అనుమానిస్తాడు. తల్లి మీద బెంగతో కొడుకు చనిపోతాడు. ఆ కొడుకు వేషం నెల్లీది.

మొదటి రోజు విక్టోరియా రాణి నాటకం చూడడానికి వచ్చింది. నెల్లీ ఒక బొమ్మ బండి లాక్కుంటూ రావాలి. బండి కాలికి తగిలింది. వెల్లకిలా పడిపోయింది. జనం నవ్వారు. తన పని ఇంక అయిపోయిందని ఆ పిల్ల ఏడ్చింది. కానీ పని అయిపోలేదు. ఆ నాటకం 102 రాత్రులు ఆడింది.

ఆ నాటకశాల నడిపే ఆయన పేరు చార్లెస్ కీన్. ఆయన భార్య కూడా నటే. ఆమె పిల్లలకు మాట నేర్పేది. ఇంగ్లీషులో అచ్చులు ఐదు. ఐదింటినీ కలగాపులగం చేయకూడదు. దేనికది విడిగా, స్పష్టంగా వినిపించాలి. చివర వరసలో కూర్చున్న వాళ్లకు కూడా మాట అందాలి. ఇదీ ఆమె పాఠం. మనం అ ఆ ఇ ఈ దగ్గర మొదలుపెట్టాం. నెల్లీ కూడా అక్షరాల దగ్గరే మొదలుపెట్టింది. తర్వాత జీవితమంతా ఆమెను గొప్పదాన్ని చేసింది ఆ మాట స్పష్టతే.

అది సుఖమైన పని అనుకోకండి. పగలంతా అభ్యాసం. ఆదివారం కూడా సెలవు లేదు. రాత్రి నాటకం లేని రోజుల్లో తెల్లవారుజాము నాలుగైదు గంటల దాకా అభ్యాసం సాగేది. వారానికి 15 షిల్లింగుల జీతం. 20 షిల్లింగులైతే ఒక పౌండు. అంటే ముప్పావు పౌండు అన్నమాట.

అదే ఏడాది ఇంకో నాటకంలో అల్లరి దయ్యప్పిల్ల వేషం వేసింది. నాటకం చివర స్టేజిలోని చెక్క తలుపు తెరుచుకుంటుంది. నేల కింద నుంచి నెల్లీ పైకి రావాలి. ఒక రాత్రి ఆమె పూర్తిగా పైకి రాకముందే తలుపు మూసుకుంది. కాలి వేలు ఇరుక్కుని విరిగింది. పిల్ల కేక పెట్టింది. అక్క కేట్ పరుగెత్తుకొచ్చింది. ఏం చేయాలో తోచక గోల పెట్టింది. కీన్ గారి భార్య వచ్చి తలుపు తెరిపించింది. నాటకం పూర్తి చెయ్యి తల్లీ, జీతం రెండింతలు చేస్తానంది. ఒక పక్క అక్క, ఇంకో పక్క ఆమె పట్టుకుని నిలబెట్టారు. నెల్లీ కన్నీళ్లు దిగమింగి మిగతా మాటలు చెప్పింది. జీతం 30 షిల్లింగులయింది.

ఈ రోజుల్లో దీన్ని బాల కార్మికుల కష్టం అంటాం. అది న్యాయమే. పిల్లలు అలా రాత్రింబగళ్లు పని చేయకూడదు. అయితే ఆ రాత్రి నెల్లీకి ఒక సంగతి తెలిసింది. తన పనికి ఒక ధర ఉంది. ఆ ధర పెరుగుతుంది కూడా.

పదహారేళ్ల పెళ్లికూతురు

నెల్లీకి ఇంకా 17 ఏళ్లు నిండలేదు. వాట్స్ అనే పేరున్న చిత్రకారుడు అక్కచెల్లెళ్ల బొమ్మ గీశాడు. 1864 ఫిబ్రవరిలో నెల్లీని పెళ్లి చేసుకున్నాడు. ఆయనకు 46 ఏళ్లు. అంటే ముప్పై ఏళ్ల తేడా! పెళ్లితో నాటకాలు మానేసింది.

ఆ ఇల్లు ఆయన సొంతం కాదు. స్నేహితుల ఇల్లు. అక్కడ పెత్తనమంతా ఆ ఇంటావిడదే. పెద్ద పెద్ద వాళ్లు వచ్చి పోతుంటారు. ఈ పిల్ల గంటల తరబడి కదలకుండా కూర్చుంటే భర్త బొమ్మలు గీసేవాడు. అది తప్ప ఆ ఇంట్లో ఆమెకు పని లేదు. మాట్లాడే చోటు లేదు.

పది నెలలు గడిచాయి. పెద్దవాళ్లు కూర్చుని ఇద్దరూ విడిపోవాలని తేల్చారు. ఆమెను ఎవరూ అడగలేదు. ఏడాదికి 300 పౌండ్లు భరణం రాశారు. నెల్లీ పుట్టింటికి వచ్చింది. సిగ్గు, కోపం, దుఃఖం.

వాట్స్ గీసిన ఆమె బొమ్మ ఒకటి ఇప్పటికీ లండన్‌లో ప్రదర్శనశాలలో ఉంది. అందులో ఆమె పెద్ద ఎర్ర పువ్వును వాసన చూస్తూ ఉంటుంది. ఆ పువ్వు చూపుకే గానీ దానికి అంతగా వాసన ఉండదు. ఇంకో చేతిలో మంచి వాసన ఉండే చిన్న చిన్న పువ్వులు గుండెకు దగ్గరగా ఉంటాయి. ఆ బొమ్మ పేరుకు అర్థం 'ఎంచుకోవడం'. కానీ ఆ పిల్లకు తన బతుకును ఎంచుకునే వీలు అప్పుడు ఎవరిచ్చారు?

ఊరవతల ఇల్లు

నెల్లీ మళ్లీ నాటకాల్లోకి వచ్చింది. మనసు కుదరలేదు. 1868లో ఎవరికీ చెప్పకుండా గాడ్విన్ అనే ఆయనతో వెళ్లిపోయింది. ఆయన భవనాల నమూనాలు గీసే ఆర్కిటెక్టు. కూతురు ఏమైందో ఇంట్లో తెలియలేదు. నదిలో ఒక అమ్మాయి శవం దొరికిందని కబురొచ్చింది. తండ్రి వెళ్లి చూసి, ఇది మా నెల్లీయే అని కుప్పకూలాడు. తల్లి మాత్రం గుండె దిటవు చేసుకుని కూతురి ఒంటి మీది గుర్తు కోసం వెతికింది. గుర్తు లేదు. ఇది నా బిడ్డ కాదంది. సంగతి తెలిసి నెల్లీ పరుగున వచ్చి కనిపించింది.

నెల్లీకి వాట్స్‌తో ఇంకా విడాకులు కాలేదు. విడాకులు 1877లో గానీ రాలేదు. కాబట్టి గాడ్విన్‌తో పెళ్లి జరగలేదు. ఇద్దరు పిల్లలు పుట్టారు. 1869లో కూతురు ఎడిత్. 1872లో కొడుకు ఎడ్వర్డ్. పెళ్లి లేకుండా పిల్లలు! ఆ కాలంలో అంతకన్నా పెద్ద నింద లేదు. పాత పరిచయస్తులు కొందరు ముఖం చాటేశారు.

ఆరేళ్లు పల్లెటూళ్లో ఉంది. కోళ్లు, బాతులు పెంచింది. వంట చేసింది. పిల్లల్ని సాకింది. ఆ రోజులు సుఖంగానే గడిచాయని ఆమె చెప్పుకుంది. కానీ గాడ్విన్‌కు డబ్బు నిలిచేది కాదు. అప్పులు పెరిగాయి. చివరికి కోర్టు అమీనాలు ఇంటి సామాను జప్తు చేయడానికి వచ్చి కూర్చున్నారు.

బండి చక్రం ఊడింది

ఒక రోజు నెల్లీ గుర్రపు బండి తోలుకుంటూ సందు దారిలో పోతోంది. చక్రం ఊడిపోయింది. అటుగా వేటకు వచ్చిన వాళ్లలో ఒకాయన ఆగాడు. ఆయన చార్లెస్ రీడ్. కథలు, నాటకాలు రాసే మనిషి. నెల్లీని గుర్తుపట్టాడు. మళ్లీ నాటకాల్లోకి ఎందుకు రావని అడిగాడు.

రాను అంది మొదట. అంతలో ఇంటి దగ్గర కూర్చున్న అమీనాలు గుర్తొచ్చారు. వారానికి 40 పౌండ్లు ఎవరైనా ఇస్తే వస్తానంది. ఆయన సరే అన్నాడు.

లెక్క చూడండి. తొమ్మిదేళ్ల వయసులో వారానికి ముప్పావు పౌండు. ఇప్పుడు 40 పౌండ్లు. యాభై రెట్లకు పైనే! ఆ మాట ఆమె బెదురుతూ అడగలేదు. తన పని విలువ తనకు తెలుసు కాబట్టి అడిగింది.

1874 ఫిబ్రవరిలో తిరిగి స్టేజి ఎక్కింది. ఆరేళ్ల విరామం తర్వాత కూడా ఆ మాట, ఆ నడక పోలేదు. నేర్చుకున్న పని ఎవరూ జప్తు చేయలేరు.

మరుసటి ఏడాది, 1875లో పోర్షియా వేషం వేసింది. ఆ కథ మీలో కొందరు విని ఉంటారు. ఒక వ్యాపారి అప్పు తీసుకుంటాడు. గడువులోగా తీర్చకపోతే తన ఒంటి నుంచి ఒక పౌండు మాంసం ఇస్తానని పత్రం రాసిస్తాడు. తీర్చలేకపోతాడు. అప్పిచ్చినవాడు కత్తి నూరుతూ కోర్టుకు వస్తాడు. అప్పుడు పోర్షియా అనే ఆడమనిషి మగ వేషంలో లాయరుగా వస్తుంది. పత్రం బాగా చదువుతుంది. మాంసం తీసుకో, కానీ నెత్తురు బొట్టు పడకూడదు, నెత్తురు సంగతి పత్రంలో లేదు అంటుంది. ఒక ప్రాణం నిలబడుతుంది.

ఈ వేషంతో లండన్ అంతా నెల్లీ పేరు మారుమోగింది. ఇంటి దగ్గర మాత్రం, అదే ఏడాది గాడ్విన్ వదిలి వెళ్లిపోయాడు. ఇద్దరు పిల్లల భారం ఆమె మీదే పడింది.

తాగుబోతు భర్త

పిల్లలకు లోకంలో ఒక అండ, ఒక మర్యాద కావాలనుకుంది. విడాకులు రాగానే 1877లో చార్లెస్ వార్డెల్ అనే నటుణ్ని పెళ్లి చేసుకుంది. ఆయన తాగుబోతు. ఇంట్లో శాంతి లేకుండా పోయింది. చివరికి ఆమె తన సంపాదనలో పెద్ద భాగం ఆయనకే ఇచ్చి, మా జోలికి రాకుండా వెళ్లిపొమ్మని వేడుకుంది. 1881లో విడిపోయారు.

ఒక్క సంగతి గమనించండి. 1870కి ముందు ఇంగ్లండులో పెళ్లయిన ఆడది సంపాదించిన డబ్బు చట్టం ప్రకారం భర్తదే. 1870లో వచ్చిన చట్టం ఆమె కూలి డబ్బు ఆమెదేనంది. ఆస్తి మీద పూర్తి హక్కు 1882 చట్టంతో గానీ రాలేదు. చట్టం మారే కాలంలో నెల్లీ బతికింది. అయినా శాంతి కొనుక్కోవడానికి తన కష్టార్జితమే ఇవ్వాల్సి వచ్చింది.

లైసియం నాటకశాల

1878లో హెన్రీ ఇర్వింగ్ అనే గొప్ప నటుడు లండన్‌లో లైసియం నాటకశాల తీసుకున్నాడు. నెల్లీని జట్టులోకి పిలిచాడు. ఇద్దరూ 24 ఏళ్లు కలిసి పనిచేశారు. అమెరికా దేశమంతా తిరిగి నాటకాలు ఆడారు.

ఆమె అక్కడ వేసిన మొదటి వేషం ఒఫీలియా. ప్రేమించినవాడు కాదన్నాడు, తండ్రి హత్యకు గురయ్యాడు, ఆ దుఃఖంతో మతి చలించిన అమ్మాయి. ఈ వేషం కోసం నెల్లీ మానసిక రోగుల ఆసుపత్రికి వెళ్లి చూసింది. అక్కడ గోడ వైపు చూస్తూ నిలబడ్డ ఒక అమ్మాయి ఖాళీ చూపు ఆమెను కదిలించింది. అది మనసులో పెట్టుకుని వేషం వేసింది.

పిచ్చి ఎక్కిన దృశ్యంలో నల్ల బట్టలు వేసుకోవాలనుకుంది. ఆ మాట విన్న ఒక పెద్ద నటుడు అడ్డం పడ్డాడు. ఈ నాటకంలో నల్ల బట్టలు ఒక్క కథానాయకుడికే ఉండాలన్నాడు. కథానాయకుడు ఇర్వింగ్. ఆమె తెల్ల బట్టలు వేసుకుంది. మొదటి రాత్రి తన వేషం అయిపోగానే, చెడగొట్టాననుకుని చప్పట్ల కోసం కూడా ఆగకుండా వెళ్లిపోయింది. నది గట్టున బండిలో అటూ ఇటూ తిరిగింది. కానీ జనానికి ఆమె ఎంతో నచ్చింది. ఆ నాటకం వంద రాత్రులు దాటి ఆడింది.

1888లో లేడీ మాక్బెత్ వేషం వేసింది. రాజును చంపమని భర్తను పురిగొల్పే భార్య. అందరూ ఆమెను రాక్షసిగా చూపేవాళ్లు. నెల్లీ అలా చూపలేదు. భర్త మీద మితిమీరిన ప్రేమతో తప్పు దారి పట్టిన మనిషిగా చూపింది. ఆ వేషానికి కట్టిన పచ్చని గౌను చాలా పేరు పొందింది. దాని మీద మిలమిల మెరిసే పురుగు రెక్కలు దాదాపు వెయ్యి కుట్టారు. పురుగు రెక్కలతో కుట్టుపని మన దేశంలోనూ ఉండేది. మద్రాసు వైపు చేసిన అలాంటి బట్టలు ఇంగ్లండుకు ఎగుమతి అయ్యేవి. 2011లో ఆ గౌనును ఎంతో శ్రమపడి బాగు చేశారు. ఇప్పటికీ ఆమె ఇంట్లో భద్రంగా ఉంది.

వేయని వేషం

ఇంత పేరు, ఇంత డబ్బు. అమెరికా వెళ్లినప్పుడు వారానికి 200 పౌండ్లు. అయినా ఒక కొరత మిగిలిపోయింది.

షేక్‌స్పియర్ నాటకాల్లో రోజలిండ్ అనే పాత్ర ఉంది. ఇంట్లో నుంచి గెంటేస్తే మగ వేషం వేసుకుని అడవికి వెళ్లే అమ్మాయి. భయం లేదు. నోట్లో మాట చమత్కారం. నెల్లీకి ఆ పాత్ర అంటే ప్రాణం. ఆ వేషానికి ఆమె కన్నా తగిన వాళ్లు లేరని అందరూ అనుకున్నారు. కానీ ఆ నాటకం లైసియంలో ఆడలేదు. ఎందుకని? అందులో ఇర్వింగ్‌కు తగిన పెద్ద వేషం లేదు! ఏ నాటకం ఆడాలన్నది ఆయన చేతిలో ఉంది.

ఇర్వింగ్ ఆమెకు మంచి తోడు. అందులో సందేహం లేదు. అయినా నాటకశాల ఆయనది. నిర్ణయం ఆయనది. ఎదురుచూపు ఆమెది. అలా ఏళ్లు గడిచి, వయసు దాటిపోయింది.

1902లో లైసియంలో ఇద్దరూ కలిసి ఆడడం ఆగిపోయింది. 1903లో ఆమె కొడుకుతో కలిసి సొంతంగా ఒక నాటకశాల నడిపింది. డబ్బు పోయింది. 1906లో ఆమె స్టేజి ఎక్కి 50 ఏళ్లు నిండాయి. లండన్‌లో నటులంతా కలిసి పెద్ద పండగ చేశారు. 6,000 పౌండ్లు పోగు చేసి ఆమెకు ఇచ్చారు. ఒకప్పుడు ముఖం చాటేసిన లోకమే ఇప్పుడు పూలు చల్లింది. 1907లో మళ్లీ పెళ్లి చేసుకుంది. ఆ జోడీ రెండేళ్లే నిలిచింది.

ఒక్కతే స్టేజి మీద

ఇప్పుడు ఆమెకు 60 దాటాయి. కుర్రదాని వేషాలు ఇవ్వరు. చేతిలో డబ్బు తక్కువ. ఏం చేయాలి?

తనకు తెలిసింది తనే చెప్పాలనుకుంది. షేక్‌స్పియర్ నాటకాల్లోని ఆడవాళ్ల గురించి ప్రసంగాలు తయారు చేసుకుంది. 1910 నుంచి ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తిరిగి ప్రసంగించింది. పక్కన కథానాయకుడు లేడు. ఆమె ఒక్కతే. ఈ ఆడవాళ్లు ధైర్యవంతులు, తెలివైన వాళ్లు అని చెప్పేది. చెబుతూ చెబుతూ వాళ్ల మాటలు నటించి చూపేది. జీవితమంతా దొరకని రోజలిండ్ అక్కడ దొరికింది. ఎవరి అనుమతీ అక్కర్లేకుండా ఆ మాటలు తన గొంతుతో పలికింది.

ఒక ప్రసంగం పూర్తిగా నాటకాల్లోని ఉత్తరాల గురించే. ఎవరు రాశారు, ఎవరు చదివారు, ఆ ఉత్తరం కథను ఎలా తిప్పింది అని చెప్పేది. లేడీ మాక్బెత్ మొదటిసారి మన ముందుకు రావడమే భర్త రాసిన ఉత్తరం చదువుతూ వస్తుంది. కాగితం మీది నాలుగు ముక్కలు ఒక రాజ్యాన్నే తలకిందులు చేస్తాయి.

1908లో తన జీవిత కథ తనే రాసి అచ్చు వేయించింది. బడికి వెళ్లని మనిషి రాసిన ఆ పుస్తకం ఈనాటికీ చదువుతున్నారు.

ఆ రోజుల్లోనే ఇంగ్లండులో ఆడవాళ్లు ఓటు హక్కు కోసం పోరాడుతున్నారు. కూతురు ఎడిత్ ఆ పోరాటంలో ఉంది. 1909లో చరిత్రలోని గొప్ప స్త్రీలను చూపే ఒక ప్రదర్శన జరిగింది. ఎడిత్ దాన్ని నడిపింది. తల్లి అందులో వేషం వేసింది. ముప్పై దాటిన ఆడవాళ్లలో చాలామందికి 1918లో ఓటు వచ్చింది. మగవాళ్లతో సమానంగా 21 ఏళ్లకే ఓటు 1928 జూలై 2న చట్టమైంది. అప్పటికి ఎలెన్ టెర్రీ ఇంకా బతికే ఉంది.

మాట వినిపించని సినిమా

1915లో అమెరికాలో ఉండగా ఆమె కళ్లకు ఆపరేషన్ అయింది. శుక్లాలు తీశారు. చూపు పూర్తిగా బాగుపడలేదు. మాటలు గుర్తుండడం కూడా తగ్గుతోంది.

అలాంటప్పుడు సినిమా వాళ్లు పిలిచారు. 1916లో మొదటి సినిమాలో వేసింది. అప్పటికి 69 ఏళ్లు! ఆ తర్వాత ఇంకా కొన్ని సినిమాలు వేసింది. 1922లో వచ్చిన 'ది బొహీమియన్ గర్ల్' సినిమాలో దాది వేషం వేసింది.

అవి మూకీ సినిమాలు. బొమ్మ కదులుతుంది గానీ మాట వినిపించదు. మధ్య మధ్య తెర మీద అక్షరాలు వస్తాయి. చదువు వచ్చిన వాళ్లు పక్క వాళ్లకు చదివి చెప్పేవాళ్లు. ఎదురుగా జనం ఉండరు. చప్పట్లు ఉండవు. ఒక యంత్రం ముందు నటించాలి. ఆమెకు అది కొత్త పని. ఆ వయసులో కూడా కొత్త పని నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఆమె అసలు ఆస్తి గొంతు. అదే సినిమాలో వినిపించలేదు. ఇంగ్లండులో మాట్లాడే సినిమాలు తీసేనాటికి ఆమె లేదు. అయితే 1911లోనే అమెరికాలో గ్రామఫోను రికార్డుల వాళ్లు ఆమె గొంతు పట్టారు. పోర్షియా మాటలు, ఒఫీలియా మాటలు ఆమె గొంతులో ఈనాటికీ వినవచ్చు.

స్టేజినీ వదల్లేదు. 1882లో జూలియట్ అనే ప్రేయసి వేషం వేసిన ఆమె, 1919లో అదే నాటకంలో జూలియట్ దాదిగా వేసింది. చివరిసారి 1925లో స్టేజి ఎక్కింది.

పట్టం, పల్లె ఇల్లు

1922లో సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం ఆమెకు డాక్టరు పట్టం ఇచ్చింది. 1925లో ఇంగ్లండు రాజు 'డేమ్' అనే పెద్ద బిరుదు ఇచ్చాడు. నటనకు గాను అంతకుముందు ఆ బిరుదు అందుకున్న నటి ఒక్కరే.

1899లో ఆమె సొంత డబ్బుతో స్మాల్‌హైత్ అనే పల్లెలో పాత కొయ్య ఇల్లు కొనుక్కుంది. 1928 జూలై 21న ఆ ఇంట్లోనే కన్ను మూసింది. తను పోతే ఎవరూ నల్ల బట్టలు వేయకూడదని, ఏడవకూడదని ముందే రాసిపెట్టింది. ఎడిత్ ఆ ఇంటిని అమ్మ జ్ఞాపకాలతో ప్రదర్శనశాలగా మార్చింది. 1939లో దాన్ని ప్రజల ఆస్తిగా కాపాడే ఒక సంస్థకు అప్పగించింది. కొడుకు ఎడ్వర్డ్ గోర్డన్ క్రెయిగ్ నాటకాల అలంకరణలో ప్రపంచానికి కొత్త దారి చూపాడు. లోకం వేలెత్తి చూపిన పిల్లలు వీళ్లే.

1982లో వచ్చిన 'గాంధీ' సినిమాలో వైస్రాయి ఇర్విన్‌గా వేసిన నటుడు జాన్ గీల్‌గుడ్. ఆయన ఎవరో తెలుసా? ఆ రాత్రి చెల్లెల్ని పట్టుకుని నిలబెట్టిన అక్క కేట్ మనవడు.

అక్కలారా! ఎలెన్ టెర్రీ తప్పులే చేయని దేవత కాదు. తొందరపడింది. దెబ్బలు తింది. కొన్ని కోరికలు తీరకుండానే మిగిలాయి. కానీ బండి చక్రం ఊడిన రోజున కూడా తన పని ధర ఎంతో ఆమెకు తెలుసు. అడగడానికి నోరు ఉంది. ఆ రెండూ ఉండబట్టే ఇద్దరు పిల్లలతో తన ఇల్లు తను నిలబెట్టుకుంది.

కలిసి మాట్లాడుకోండి

1. కాలి వేలు విరిగినా నెల్లీ నాటకం పూర్తి చేసింది. పెద్దవాళ్లు అలా చేయించడం సబబేనా?
2. వాట్స్ ఇంట్లో నెల్లీకి లేనిదేమిటి?
3. రోజలిండ్ వేషం ఆమెకు ఎందుకు దొరకలేదు? చివరికి ఎలా దొరికింది?
4. మీరు చేసే పనుల్లో డబ్బు వచ్చేవి ఏవి? రానివి ఏవి? వాటి ధర ఎవరు నిర్ణయిస్తున్నారు?
5. పోర్షియా పత్రం బాగా చదివి ఒక ప్రాణం కాపాడింది. మీరు ఈ మధ్య వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టిన కాగితంలో ఏముందో చెప్పగలరా?